పాకం వాసన

ఆండర్సన్‌పేట,
ఆదివారం.

చిరంజీవి ప్రేమకు అమ్మ దీవించి రాసేది. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. మీ నాయన దగ్గు గనిలో దిగిన నాటి నుంచీ ఉన్నదే, దాన్ని లెక్కలో వేసుకోకు. ఫోను ఉండగా నేనూ ఉత్తరమే రాస్తున్నానని నవ్వకు. కొన్ని మాటలు నోటితో రావు.

వేవిళ్లకు పుల్లగా తినాలని ఉందని రాశావు. మీ కంపెనీ బస్సులో వచ్చే మూర్తి చేతికి మామిడికాయ ఊరగాయ ఇచ్చాను. అన్నంతోనే తిను, ఉత్తది నాకేయొద్దు.

ఇక నువ్వు అడిగిన మాట. పోయినేడు నీ పసిబాబు పోయేముందు తీసిన రక్తంలో జబ్బు తెలిసిందనీ, మన ఇంట్లో ఇంకే పసిబిడ్డయినా ఇలా పోయిందా అని డాక్టరమ్మ అడిగిందనీ రాశావు. ఫోన్లో లేదన్నాను. అబద్ధం చెప్పాను తల్లీ.

నీకంటే ముందు నాకొక మగబిడ్డ. అయిదో రోజు నుంచి వాడి గుడ్డల్లో బెల్లం పాకం వాసన. మా అత్త వాణ్ని ముక్కుకు ఆనించుకుని, "దేవుడిచ్చిన బిడ్డమ్మా, పాకం మాదిరి గమగమ అంటా ఉండాడు! ఇంగా పాలు పట్టు" అని మురిసింది. పట్టాను. వాడు ఏడవడం కూడా మానేశాడు. తొట్టెల్లో వేసి పేరు పెట్టకముందే పోయాడు. పేరు లేని బిడ్డను తలిస్తే తర్వాతి కాన్పుకు చేటన్నారు. మీ నాయనా నేనూ మళ్లీ ఆ మాటెత్తలేదు.

నీ బాబు గుడ్డలు ఉతికేటప్పుడు అదే వాసన వచ్చింది. అయినా నోరు తెరవలేదు. నేను మేనత్త కొడుకును చేసుకున్నాను. నిన్ను నా తమ్ముడు శివరాజ్‌కే ఇవ్వాలని పట్టుబట్టిందీ నేనే. పిల్ల ఇల్లు దాటదని సంబరపడ్డాను. తల్లిలోనూ తండ్రిలోనూ అదే లోపం దాగుంటే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు భయమట, ఆ బిడ్డకు పాలే విషమవుతాయట. నీ ఉత్తరంలోనే చదివాను. ఆ వాసన వచ్చిన రోజే చెప్పి ఉంటే పెద్దాసుపత్రికి ముందే పోయేవాళ్లం.

అది చెప్పకుండా నేనేమన్నాను? "గ్రహణం నాడు ట్యాంకరు వచ్చిందని బిందె ఎత్తుకోని బయటికి పోయినావు, అందుకే" అన్నాను. నలుగురిలో అన్నాను. నువ్వు తలొంచుకున్నావు. నీ తప్పు రవ్వంత కూడా లేదమ్మా. ఈ ఉత్తరం శివరాజ్‌కూ, నీ అత్తగారైన మీ అవ్వకూ గట్టిగా చదివి వినిపించు.

కడుపులో ఉన్న బిడ్డకు నాలుగో నెల రాకముందే పరీక్ష చేయాలంటున్నారు కదా. గురువారం మొదటి బస్సుకు మేమిద్దరం వచ్చి పరీక్షకు మా రక్తమూ ఇస్తాం. నీ ఎదుటికి రావాలంటే భయంగా ఉంది, అయినా వస్తాను. డాక్టరమ్మ కాగితంలో మావాణ్ని కూడా రాయించు. పేరు అడిగితే పెట్టలేదని చెప్పు. పదమూడు రోజులు బతికాడు.

ఇట్లు,
నీకూ, నీ అన్నకూ అమ్మ.