శ్యాంసుందర్‌కు నయమైంది

ధర్మపురి,
8 జులై 2024.

ప్రియమైన సాగర్‌కు బాపు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఫోనులో నాకు మాట సరిగా వినబడదు. స్పీకరు పెడితే మీ చెల్లె వందన వింటుంది. కనుక ఈ విషయం కాగితం మీదనే నడవనీ.

బాలమల్లు పోయి నెల దాటింది. బొగ్గుబాయిలో కప్పు కూలి, కలిసి పనిచేసే మనిషి పక్కనే చనిపోతే మనసు చెదరడం సహజం. అయితే పన్నెండు రోజులుగా డ్యూటీకి పోలేదనీ, బాయి ముందు నిలబడితే కాళ్ళు వణుకుతున్నాయనీ, కంపెనీ దవాఖాన డాక్టరు నిన్ను కౌన్సెలింగుకు రమ్మన్నాడనీ వ్రాశావు. అక్కడికి పోవద్దు. అక్కడ నీ పేరు ఎక్కితే సాయంత్రానికి కాలనీ అంతా తెలుస్తుంది. బోథ్ నుంచి పెళ్ళివారు వచ్చి వందనను చూసిపోయారు. పిల్లవాడు వెంకటేశ్ వ్యవసాయ శాఖలో ఉద్యోగి. వాళ్ళు మీ కాలనీలో ఆరా తీయకుండా ఉండరు. అన్నకు పిచ్చి అన్న మాట వాళ్ళ చెవిన పడిందా, సంబంధం అక్కడితో సరి.

వైద్యమే వద్దనడం లేదు. కరీంనగర్ వెళ్ళు. జమున అని ఒకావిడ మాటలతోనే నయం చేస్తుందట. అక్కడ నీ పేరు శ్యాంసుందర్. జగిత్యాలలో బట్టల దుకాణం. వ్యాపారం సాగక నిద్ర పట్టడం లేదు. ఆవిడ ఏమేమి అడుగుతుందో ఊహించి ఇరవై ప్రశ్నలకు జవాబులు వ్రాసి జతపరిచాను. కంఠస్థం చేసి వెళ్ళు.

నీ ధైర్యాన్ని కోరే
బాపు, రాంచందర్.

*

గోదావరిఖని,
26 జులై.

ప్రియమైన బాపూ, దండాలు.

రెండుసార్లు పోయొచ్చిన. జమున మేడం మంచిదే, తొందరపెట్టదు. "శ్యాంసుందర్ గారూ, మీ దుకాణంల ఏం బాగా అమ్ముడుపోతయ్?" అన్నది. నువ్వు గది రాయలే. "టవాళ్ళు" అన్న. "పెళ్ళిళ్ళ సీజన్ల సుత టవాళ్ళేనా?" అని నవ్వింది. నేను సుత నవ్విన. బాలమల్లు పోయినంక నవ్వుడు గదే మొదలు.

ఊపిరి ఎట్ల తీసుకోవాల్నో నేర్పింది. జర నిద్ర పడుతుంది. కానీ బాపూ, ఆమె ఏదన్న అడిగితే ముందుగాల నీ కాగితం యాది చేసుకుంటున్న. నోట్లెకు వచ్చిన మాట మింగి, నీ మాట చెప్తున్న. గిట్ల ఎన్ని రోజులు?

వందన పరేషాన్ కావద్దను.

నీ కొడుకు,
సాగర్.

*

ధర్మపురి,
3 ఆగస్టు.

ప్రియమైన సాగర్‌కు,

నవ్వావని చెబితే, కన్నతల్లి కదా, మీ అవ్వ దేవునికి దీపం పెట్టింది. ఆమెకు కారణం చెప్పలేదు. టవాళ్ళ విషయంలో నీ సమయస్ఫూర్తికి సంతోషించాను. దుకాణం గురించి మరి పది జవాబులు వ్రాసి పంపుతున్నాను. రెండో కాగితంలోని చివరి జవాబులో ఒక తమ్ముణ్ణి కూడా కల్పించాను. అతని పేరు సాయిచంద్. మరచిపోకు.

బోథ్ నుంచి కబురు వచ్చింది. పిల్ల నచ్చిందట. దసరా నాడు నిశ్చయం పెట్టుకుందామన్నారు. నీవు చేస్తున్న త్యాగం వందనకు తెలియదు, తెలియనవసరమూ లేదు.

సర్వదా నీ క్షేమం తలచే
బాపు.

*

గోదావరిఖని,
30 ఆగస్టు.

ప్రియమైన బాపూ,

నిన్న అయిదోసారి పోయిన. మేడం సంబరపడ్డది. "మీ మొఖంల తేడా కనబడుతుంది, ఇగ నెలకొక్కసారి వస్తే సాలు" అన్నది. శ్యాంసుందర్‌కు నయమైంది బాపూ. సాగర్ అట్లనే ఉన్నడు.

లేచే ముందట ఒకటి అడిగింది: "మీ కండ్ల ముందట ఎవలన్న పానం ఇడిసిండ్రా?" లేదన్న. నీ కాగితంల పదకొండో జవాబు గదే. బాలమల్లు నా చెయ్యి పట్టుకొనే ఉండె బాపూ. నడుము దాక బండ కింద ఉన్నడు. "సాగర్, పోకుర" అన్నడు. పైనుంచి ఇంకా రాలుతుంటే నేను చెయ్యి గుంజుకొని ఎనుకకు జరిగిన. గీ ముచ్చట ఎవలకూ చెప్పలే. నీకు సుత.

బస్సు కాలనీ కాడ ఆగితే దిగలే. ముందటికి పోయి గోదావరి బ్రిడ్జి మీద దిగిన. ఎందుకో నీకు తెలుస్తది. ఒక లారీ ఆయన బండి ఆపి, "ఏం తమ్మీ, గాలికి నిలబడ్డవా? గీడ గాలి మంచిది కాదు, ఎక్కు" అన్నడు. పేరడిగిండు. సాగర్ అన్న. మంచిర్యాల దాక బాలమల్లు ముచ్చట చెప్తనే ఉన్న. ఆయన నడుమల ఒక్క మాట మాట్లాడలే. దిగినంక ఛాయ్ తాపి, మళ్ళ కాలనీ బస్సు ఎక్కించి పోయిండు. ఇంటికొచ్చి తెల్లారేదాక పండుకున్న.

మేడంకు నా పేరు చెప్త బాపూ. లేకుంటే నేను మిగల. "చెప్పు బిడ్డా" అని ఒక్క మాట రాయి. నువ్వు రాస్తే నాకు బలం.

నీ మాట కోసం ఎదురుచూసే
సాగర్.

*

ధర్మపురి,
12 సెప్టెంబరు.

ప్రియమైన సాగర్‌కు,

జవాబు ఆలస్యమైంది. నాలుగుసార్లు వ్రాసి చింపాను. బ్రిడ్జి సంగతి చదివిన నాడు అన్నం ముట్టలేదు. అయినా ఒకటి అడగక తప్పదు. ఈ ఊళ్ళో నాకు నమస్కారం పెట్టని మనిషి లేడు. అటువంటి ఇంటి ముచ్చటను ఒక లారీ డ్రైవరుకు చెప్పుకొన్నావా? అతను ఎన్ని ఊళ్ళు తిరుగుతాడు!

దసరా ఎంతో దూరం లేదు. సరిగ్గా ముప్పై రోజులు. నిశ్చయం కానీ, ఆ మరునాడే నేను దగ్గరుండి నీ పేరుతోనే తీసుకుపోతాను. అంతవరకు శ్యాంసుందర్‌గానే ఉండు. ఇన్ని రోజులు ఓర్చినవాడివి, ముప్పై రోజులు ఓర్చలేవా? బ్రిడ్జి వైపు మాత్రం పోకు. బస్సులో కండక్టరు పక్కన కూర్చో.

నీ మీద కొండంత నమ్మకంతో
బాపు.

*

గోదావరిఖని,
17 సెప్టెంబరు.

బాపూ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. మేడం కాడికి పోయేది గురువారమే గద, నీ మాట కోసం రెండు గురువారాలు చూసిన. రెండో గురువారం నువ్వు గది రాసిన రోజే. నేను ఆగలే. పోయి, "మేడం, నేను శ్యాంసుందర్ కాదు, సాగర్. బాయిల పనిచేస్త. నాకు దుకాణం లేదు, తమ్ముడు లేడు" అన్న. తిడ్తదనుకున్న. ఆమె పాత ఫైలు పక్కకు పెట్టి, "సాగర్ గారూ, కూసోండ్రి" అన్నది. గా పిలుపుకే ఏడ్పు ఆగలే. బాలమల్లు ముచ్చట, బ్రిడ్జి ముచ్చట అన్నీ చెప్పిన. ఆమెనే ఎంబడొచ్చి మందులిచ్చే డాక్టర్‌కు చూపిచ్చింది. కంపెనీ దవాఖానల సుత పేరు రాయించిన. కొన్ని నెలలు భూమ్మీది పని ఇచ్చిండ్రు.

వెంకటేశ్ వాళ్ళ బాపు నిన్న క్వార్టర్‌కు వచ్చిండు. ఎట్లున్నవు అన్నడు. దాయలే. నీ ఉత్తరం సుత ఆయన చేతుల పెట్టిన. వందనకు అన్యాయం చేసిన్నేమో, తెల్వది.

కొన్ని రోజులు నాకు రాయకు బాపూ. నీ అక్షరం చూస్తే ముప్పై రోజులే కనబడుతున్నయ్.

సాగర్.

*

ధర్మపురి,
6 అక్టోబరు.

ప్రియమైన సాగర్‌కు,

వ్రాయవద్దన్నావు. అయినా జరిగినది నీకు చెప్పకపోతే మరొకటి దాచినవాడినవుతాను.

వెంకటేశ్ తండ్రి నిన్న వచ్చాడు. ఛాయ్ ముట్టలేదు. "సార్, మా పెద్దోడు పత్తి పంట నష్టపోయిన ఏడు పానం తీసుకున్నడు. వానికి చెప్పుకునుడు రాలే, మాకు అడుగుడు రాలే. మీ పిలగాడు నోరు తెరిచి చెప్పిండు. ఆయనను చూసినంక గీ ఇంటి పిల్లనే తెచ్చుకోవాలె అనుకున్న" అన్నాడు. నేను చేతులు జోడించబోయాను. "కానీ మీ ఉత్తరం చదివిన సార్. గసొంటి కొడుకును ముప్పై రోజులు ఆగుమన్నరు. మీతోని వియ్యమంటే మాకు భయం" అని లేచిపోయాడు.

నీ వల్ల పోతుందని నేను భయపడిన సంబంధం నా వల్ల పోయింది. ఆ మాట ఆయన గుమ్మం దాటాక మీ అవ్వతో అనలేకపోయాను. ఇక్కడ వ్రాస్తున్నాను.

వందన లోపలి నుంచి అంతా విన్నది. ఆయన బల్ల మీద పెట్టిపోయిన నా ఉత్తరమూ చదివింది. ఏడవలేదు. నాకు వినబడాలని దగ్గరకు వచ్చి, గట్టిగా అడిగింది:

"రేపు నాకేమన్న అయితే, నా పేరు ఏమని మారుస్తవు బాపూ?"

వినబడనట్టు కూర్చున్నాను.

నీ
బాపు.