చదవకుండా మూసిన బాక్సు

ప్రియమైన చిన్నోడికి,

అక్క ఆశీస్సులు. ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని బుర్ర గోక్కోకు. డ్యూటీలో రోజంతా తెరని పొడిచి పొడిచి వచ్చాక, ఇంట్లో మళ్ళీ ఫోన్ పొడవడానికి నా వేళ్ళు ఒప్పుకోవడం లేదు. కాగితమే నయం. నిన్న మార్జిన్ ఉన్నచోటే ఇవాళా ఉంటుంది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ బావకి నడుం నొప్పి తగ్గింది, నా మీద జోకులు మళ్ళీ మొదలయ్యాయి. నీ మేనకోడలు లెక్కల్లో గట్టెక్కింది. ఇక అసలు సంగతికొస్తాను. ఒరేయ్, మా ఆసుపత్రి కంప్యూటర్లలో పెట్టిన ఆ మందుల ప్రోగ్రాము కొత్త అవతారం మీ కంపెనీదే కదా? దాన్ని గీసిన మహానుభావుణ్ణి ఒక్క పూట నాకు అప్పగించు. కొట్టను, తిట్టను. పొద్దున మందుల వేళకి మా వార్డులో నిలబెడతాను, అంతే.

పాతదాంట్లో మంచం నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే మనిషి చరిత్రంతా ఒకేచోట కనపడేది. పేరు కిందే, ఏ మందైనా పడకపోతే ఎర్ర గీత, ‘ఫలానా మందు పడదు’ అని. అది చూడటానికి కళ్ళు వెతుక్కోనక్కర్లేదు. చూడకుండా ఉండటమే కష్టం. ఇప్పుడో? పేర్లన్నీ కడిగేసిన బూడిద రంగులో ఉన్నాయి. మందుల పట్టీ ‘మరిన్ని’ అనే బొమ్మ వెనక దాక్కుంది. ఒక్కో మాత్ర ఇచ్చాక ‘మీరు నిజంగా ఇచ్చారా?’ అని అడుగుతుంది. ఇవ్వక మింగానా?

ఇక ఆ పసుపురంగు బాక్సుల గోల ఏం చెప్పను. ‘పేషెంటు నీళ్ళు తాగారా?’ ఒక బాక్సు. ‘కొత్త రూపం మీకు నచ్చిందా? నక్షత్రాలివ్వండి’ ఇంకో బాక్సు. ఎర్ర గీత తీసేసి, పడని మందు హెచ్చరికని కూడా అదే పసుపు బాక్సులో, అదే సైజు అక్షరాల్లో పెట్టారు. పది బాక్సుల్లో తొమ్మిది సొల్లు. వాటిని మూస్తే గానీ పని కదలదు. నిజం చెప్తున్నాను, ఇప్పుడు వార్డులో మేమంతా వాటిని చదవకుండానే మూసేస్తున్నాం. నేనూ మూసేస్తున్నాను. చదువుతూ కూర్చుంటే మధ్యాహ్నం మందులు సాయంత్రానికి అందుతాయి.

ఏదో ఒకరోజు ఎవరి ప్రాణం మీదకో వస్తుందని మీ కంపెనీకి రెండుసార్లు ఫిర్యాదు పెట్టాను. రెండుసార్లూ ఒకటే జవాబు: ‘వాడేవారికి శిక్షణ అవసరం. ఫిర్యాదు ముగించబడింది.’ ఆడలేక మద్దెల ఓడన్నట్టు మాట్లాడుతున్నామని వాళ్ళ ఉద్దేశం. నువ్వు లోపలివాడివి. మీ పెద్దవాళ్ళ చెవిన వెయ్యి. ఆ ఎర్ర గీత ఒక్కటి వెనక్కి పెడితే చాలు, మిగతా తెరని ఎలా తగలేసుకున్నా అడగను.

వేళకి తిను.

నీ అక్క

&nbsp;

ప్రియమైన ఉగ్ర అక్కకి,

నీ ఉత్తరం చదువుతుంటే కాగితం పట్టుకున్న చెయ్యి కాలిందే తల్లీ. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, గీసినవాణ్ణి వదిలేసి నన్ను పట్టుకున్నావు. నేను లెక్కలు రాసే విభాగంలో వాణ్ణి. గీతలకీ నాకూ సంబంధం లేదు.

అయినా విను. నిన్న పెద్ద మీటింగులో ‘వాడేవాళ్ళు ఏమంటున్నారు’ అని అడిగితే లేచి నిలబడి నీ ఉత్తరం చదివేశాను. ‘ఇవ్వక మింగానా’ దగ్గర అందరూ పగలబడి నవ్వారు. బాక్సుల దగ్గరికి వచ్చేసరికి ఒక్కరూ నవ్వలేదు. మా పెద్దాయన నన్ను గదిలోకి పిలిచి, ‘ఇలాంటి నిజమైన మాటే మాకు కావాలి’ అని ఉత్తరం తీసుకుని జిరాక్సు తీయించుకున్నాడు. చేరిన ఇన్నేళ్ళకి మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచాడక్కా.

కొత్తలో అందరికీ చికాకే. కొంచెం ఓపిక పట్టు, మారుస్తారు. బావని అడిగానని చెప్పు. నా మేనకోడలికి ఒక పెన్నుల పెట్టె పంపుతున్నాను.

నీ ముద్దుల తమ్ముడు

&nbsp;

చిన్నోడా,

క్షేమ సమాచారాలు రాసే స్థితిలో లేను.

మా వార్డులో రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన ఉండేవాడు. కాలికి పుండు. నేను డ్రిప్ స్టాండు లాక్కొస్తే ‘హారన్ కొట్టి రండి సిస్టరమ్మా’ అనేవాడు. మంగళవారం కొత్త డాక్టరు ఇంజెక్షన్ మార్చాడు. ఆ మందు ఆయనకి పడదు. పసుపు బాక్సు వచ్చే ఉంటుంది. నేను మూసే ఉంటాను. నాకు గుర్తు కూడా లేదు, అదిరా నన్ను తినేస్తున్నది. సూది పొడిచింది నా చెయ్యే, కాదనను. చూస్తుండగానే ఆయన గొంతు వాచిపోయింది, ఊపిరి అందలేదు. ఐసీయూకి పరుగెత్తించాం. బతికాడు. నిన్న కళ్ళు తెరిచాడు కానీ ఇంకా గొట్టాలతోనే ఉన్నాడు. వాళ్ళావిడ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది.

నాకు మెమో ఇచ్చారు. వచ్చే వారం విచారణ. తప్పు నా ఒక్కదానిదే అని తేలితే ఉద్యోగం పోవడమే కాదు, నర్సుగా నా రిజిస్ట్రేషనూ పోతుంది. ఇరవై ఏళ్ళుగా నాకు తెలిసిన పని ఇదొక్కటే.

మీ కంపెనీ వాళ్ళు కూడా వస్తారట. ‘హెచ్చరిక చూపించాం, సిస్టర్ మూసేసింది’ అంటున్నారట. నా ఫిర్యాదులు మా కంప్యూటర్లలో ఇప్పుడు కనపడటం లేదు. ముగించినవి కనపడవట. ఇలా జరుగుతుందని నేను ముందే మొత్తుకున్నానని తెలిసినవాడివి నువ్వే. మీటింగులో అందరి ముందూ చదివినవాడివి. ఆ మాట విచారణలో వచ్చి చెప్పు. లేదా రాసి పంపు. వెంటనే జవాబివ్వు.

అక్క

&nbsp;

అక్కా,

నువ్వు కంగారుపడకు. నేను మా పెద్దాయనతో మాట్లాడాను. ఆయన నీ మీద చాలా జాలిపడ్డాడు. వాదనకి దిగితే విషయం పెద్దదవుతుందట. ‘పొరపాటు నాదే, క్షమించండి’ అని రాసి సంతకం పెడితే ఇంక్రిమెంటు కోతతో పోతుందని ఆయన అభిప్రాయం. నాకూ అదే మంచిదనిపిస్తోంది. పెద్ద కంపెనీతో మనలాంటివాళ్ళు తలపడగలమా?

నేను విచారణకి రావడం కుదరదు. సెలవు దొరకదు. ఇంకో మాట, ఇకమీద నాకు ఏదీ కాగితం మీద రాయకు. ఏదున్నా ఫోన్ చెయ్యి.

జాగ్రత్త.

తమ్ముడు

&nbsp;

తమ్ముడూ,

కాగితం మీదే రాస్తున్నాను. ఎందుకు వద్దన్నావో ఇప్పుడు అర్థమైంది.

విచారణ గదిలో మా సూపరింటెండెంటు, మేట్రన్, మీ కంపెనీ తరఫున టై కట్టుకున్న ఒకాయన కూర్చున్నారు. ఆయన ఫైలు తెరిచి ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. నా చేతిరాత. మొదట నాకు బుర్ర పనిచేయలేదు. తర్వాత ఆయన గొంతు సవరించుకుని చదివాడు: ‘చదవకుండానే మూసేస్తున్నాం. నేనూ మూసేస్తున్నాను.’ నీకు రాసిన మాటరా అది. మన అమ్మ కడుపున పుట్టినవాడికి రాసిన మాట.

‘ఇది మీరు రాసిందేనా?’ అని సూపరింటెండెంటు అడిగాడు. నేనే అన్నాను. ‘దానికి ముందు పేజీ, తర్వాత పేజీ కూడా చదవండి’ అన్నాను. టై ఆయన ‘మా దగ్గర ఇంతే ఉంది మేడమ్’ అన్నాడు. ఎర్ర గీత సంగతి ముందు పేజీలో, రెండు ఫిర్యాదుల సంగతి తర్వాత పేజీలో ఉన్నాయి. సరిగ్గా మధ్య పేజీ ఒక్కటే మిగిలిందట. నేను నోటితో చెప్పబోతే ‘ఆధారం ఉందా’ అన్నారు. కంచే చేను మేస్తే ఆధారం ఎక్కణ్ణించి తేను?

వార్డులోంచి తీసేసి నన్ను దుప్పట్ల గదిలో పడేశారు. మడతపెట్టడమూ బీరువాలో సర్దడమూ నా పని. బుధవారం ఆఖరి విచారణ.

ఇదిగో, ఇది విను. శనివారం మేట్రన్ దుప్పట్ల గదికి వచ్చి తలుపు దగ్గరగా వేసి చెప్పింది. అన్ని వార్డుల్లోనూ పేరు కింద ఎర్ర గీత తిరిగొచ్చిందట. చప్పుడు లేకుండా, ప్రకటన లేకుండా పెట్టేశారట. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు. కాలినవి మాత్రం నా చేతులు. బుధవారం నేను ఒకటే అడుగుతాను: తప్పు నా ఒక్కదానిదే అయితే, మీరు తెరని ఎందుకు మార్చారు?

ఆ ప్రశ్న నేను అడగగలను. జవాబు మాత్రం లోపలివాళ్ళే చెప్పాలి.

నువ్వు ఉత్తరం మీటింగులో చదివినందుకు నాకు కోపం లేదు. నా మంచికే చదివావు. కానీ డ్రైవరు గారికి అలా అయ్యాక, ఆ కాగితాన్ని వాళ్ళు దేనికి వాడబోతున్నారో నీకు తెలిసింది. తెలిసీ నన్ను సంతకం పెట్టమన్నావు. దాన్ని మాత్రం క్షమించలేను. పేరు పెట్టి పిలిచాడని మురిసిపోయావే, మీ పెద్దాయన నన్ను పిలిచిన పేరు విన్నావా? విచారణకి పంపిన కాగితంలో ‘నిర్లక్ష్యపు సిబ్బంది’ అని రాశాడు, ఆయన సంతకంతో. నా ఇరవై ఏళ్ళ పనికి మీవాళ్ళు పెట్టిన పేరది.

డ్రైవరు గారికి నిన్న గొట్టాలు తీశారు. వెళ్ళి కాళ్ళ దగ్గర నిలబడ్డాను. ఆయన చెయ్యి ఊపి దగ్గరికి రమ్మన్నాడు. ఆయన పాటి ధైర్యం నీకు లేకపోతే ఎలారా?

బుధవారం పదకొండింటికి, పరిపాలన భవనం రెండో అంతస్తు. జిరాక్సు వాళ్ళ దగ్గరుంటే అసలు ఉత్తరం నీ దగ్గరుండాలి. మూడు పేజీలూ పట్టుకుని రా. లేదంటే నీ నోటితో చెప్పు. నీ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నాకు తెలియదు, భరోసా ఇవ్వలేను.

బస్సు దిగి తిన్నగా అక్కడికే రా. ఇంటికి రావద్దు. మీ బావ తలుపు తీస్తానంటున్నాడు, నేనే వద్దన్నాను. ముందు ఆ గదిలోకి వచ్చి నిలబడు. ఇంట్లోకి రానిచ్చేదీ లేనిదీ ఆ తర్వాత చెప్తాను.

ఇంకా నీ అక్కనే