బాలింత గదిలో కారు పొగ

తెనాలి.

పెద్దన్నయ్యకి చెల్లెలి వందనాలు. నా రాత కూడబలుక్కుని చదవండి.

మనవరాలు సుగుణనీ బిడ్డనీ మేం అద్దెకుంటున్న వీధి గదిలోనే ఉంచాం. గుడిలో పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసేదాకా బాలింత గడప దాటకూడదని కోడలి పట్టుదల. ఆ తలుపు ముందే ఇంటివారి కారు నిలబెడతారు. దానికి సెల్ఫు పాడైంది, తోస్తేగాని కదలదు. అందుకని ఇంటి యజమాని ముస్తాబై వచ్చేదాకా డ్రైవరు పోతురాజు ఇంజను ఆపడు. ఆపు నాయనా అంటే, "ఆపితే నువ్వొచ్చి తోస్తావా మామ్మా?" అని నవ్వుతాడు.

పొగంతా తలుపు కిందనుంచి లోపలికే. సుగుణకి తలనొప్పి, వాంతులు. బిడ్డ పాలకి కూడా లేవడు. కోడలేమో చలిగాలి తగిలిందని కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి సాంబ్రాణి వేస్తోంది. ఇంటివారు కారులో సూర్యలంక వెళ్ళిన రెండు రోజులూ సుగుణ కడుపునిండా తింది, బిడ్డ పాలకోసం గుక్కపట్టి ఏడ్చాడు. "చూడవే, కారు లేదు" అన్నాను. "మీదంతా చాదస్తం అత్తయ్యా" అంది.

మీ మాటైతే వింటుంది, వాళ్ళని బయట కూర్చోబెట్టమని రాస్తారని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇంతలో మళ్ళీ ఇంజను వేశాడు. ఇక ఆగలేక ఇద్దర్నీ పెరట్లోకి తెచ్చేశాను. కోడలు నాతో మాట్లాడటం లేదు.

సాయంత్రం రైలుకి వాళ్ళిద్దర్నీ తీసుకుని రేపల్లె మీ ఇంటికి వస్తున్నాను. ఈ కాగితం ముందు బస్సులో మనవాళ్ళ చేత పంపుతున్నాను. పురుడు తీరని మనిషని వదిన గుమ్మంలో ఆపుతుందేమోనని నా భయం. ఆపనివ్వకండి అన్నయ్యా. వెనక్కొస్తే మాకున్నది ఆ గదొక్కటే.