పదో పేరు

నందికొండ క్యాంపు, 1962 ఆగస్టు, మంగళవారం.

తాగుడుతో మతి చెడిన డ్యాం కూలీల కోసం వారానికోసారి డాక్టరును క్యాంపుకు పంపడానికి బ్లాకు ఆఫీసులో డబ్బుంది. పది పేర్లతో అర్జీ పెడితే ఇస్తామన్నారు. హాజరు పట్టీ రాసేవాణ్ణి కాబట్టి ఆ పని నాకు అప్పగించారు.

గుడిసె గుడిసెకూ తిరిగాను. ఆడవాళ్ళు ఏమీ దాచలేదు. రాళ్ళు కొట్టే మల్లయ్య భార్య, "రాసుకో సారూ, నిన్న గోడతోని కొట్లాడిండు. గోడనే గెలిచింది" అని నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అట్లా తొమ్మిది పేర్లు జంకకుండా రాసుకున్నాను.

పదోది మా తమ్ముడు నర్సింహది. రాయలేదు. రాస్తే వాడి కూలి పోతుందని నాకు నేను చెప్పుకున్నాను. అసలు భయం అది కాదు. ఆ కాగితం మీద మా ఇంటిపేరు ఆఫీసులో అందరూ చదువుతారు. తొమ్మిదికే ఇస్తారులే అనుకుని పంపేశాను.

ఈరోజు అర్జీ తిరిగొచ్చింది. పదిమంది లేనందుకు ఇవ్వలేమట. గడువు కూడా నిన్నటితో అయిపోయింది.

సాయంత్రం తమ్ముడి భార్య లక్ష్మి వచ్చింది. వాడు మూడు రోజులుగా అన్నం ముట్టడం లేదట. ఎవరో పిలుస్తున్నారంటూ బయటికి ఉరుకుతున్నాడట.

"డాక్టరు ఎప్పుడొస్తడు బావా? మా ఆయన పేరు అందరికన్న ముంగట రాసినవ్ గద?"

"రాసిన" అన్నాను.

"నువ్వున్నవనే నా ధైర్నం" అని వెళ్ళిపోయింది.

రేపు మల్లయ్య భార్య అడుగుతుంది. తర్వాత మిగతా ఎనిమిదిమంది. వాళ్ళందరికీ ఏమని చెప్పను...