కొట్టం గోడకి సున్నం

మార్చి 3
ఎస్టేట్ వెనక నాలుగు పాత కట్టడాలు. గుర్రాలసాల, ధాన్యం కొట్టు, బండ్ల షెడ్డు, పశువుల కొట్టం. వందేళ్లు దాటినట్టు రుజువైతే ఉంచుతారు. లేదంటే పడగొట్టి పార్కింగ్ చేస్తారు. వయసు తేల్చే డ్యూటీ నాది. నా మోకాళ్ల వయసు మాత్రం ఎవరూ అడగరు.

మార్చి 4
మిగతా మూడు కట్టడాలకీ గుమ్మం మీద సంవత్సరం చెక్కి ఉంది. కొట్టానికే లేదు. కాగితాలు చెదలు తినేశాయట.
కొట్టం చివరి గదిలో ఒక పెద్దాయన, రెండు ముసలి ఆవులు. పశువుల తాత అంటారు. డెబ్బై దాటాయి. తను పుట్టకముందు నుంచీ ఈ కొట్టం ఉందట. ఇది పోతే తనకీ ఆవులకీ వేరే నీడ లేదని నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

మార్చి 7
గోడ మూల బ్లేడుతో గీకి, లెన్స్ పెట్టి సున్నం పొరలు లెక్కపెట్టాను. నూట ఆరు. మళ్లీ లెక్కపెట్టాను. నూట ఆరే! ఏటా ఒక పూత చొప్పున నూట ఆరేళ్లు. గట్టెక్కాడు పెద్దాయన. నడుము విరిగిపోతోంది, అయినా హాయిగా ఉంది.

మార్చి 8
కొంప మునిగింది.
ఎస్టేట్ మేనేజర్‌కి లెక్క చెబుతున్నాను. పక్కనే తాత. ఏటా ఒక్కసారి అన్న మాట చెవిన పడిందో లేదో, ఎక్కడలేని పౌరుషం వచ్చింది ఆయనకి. ఒక్కసారా? పశువులుండే చోటమ్మా, ఈగలు ముసరవూ? వానలకి ముందోసారి, తర్వాత ఓసారి, మా నాన్న వేశాడు, నేను వేశాను, ఒక్క ఏడాది తప్పామని ఎవరన్నా అంటే నన్నడగండి అన్నాడు. మేనేజర్ వెంటనే రాసుకున్నాడు. నూట ఆరులో సగం ఎంతో చిన్నపిల్లలకీ తెలుసు.
పాత పూతలు కొన్ని ఎప్పుడో రాలిపోయి ఉండొచ్చు, గోడ ఇంకా పాతదే అన్నాను. రుజువేది మేడమ్ అన్నాడు. లేదు. డెబ్బై దాటిన మనిషి పుట్టకముందున్న గోడకి యాభై మూడేళ్లట! తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు ఈ ముసలాయన.

మార్చి 9
సిగ్గు విడిచి తాత దగ్గరికి వెళ్లాను. పొరపాటున అన్నానని చెప్పండి, కొట్టం నిలబడుతుంది అన్నాను. స్టూలు వేసి కూర్చోబెట్టాడు. అంతా విన్నాడు. అంటే మేం సగం పనే చేశామని రాస్తావా తల్లీ అన్నాడు. మా నాన్న భుజం ఆ గోడకే అరిగిపోయింది అన్నాడు. బతిమాలాను. కోప్పడ్డాను కూడా. ఊహూఁ.

మార్చి 12
రుజువైన వయసు: యాభై మూడు. సంతకం పెట్టాను. ఏడ్చాను.

మార్చి 20
తాత ఫోన్. ఆవుల్ని తోలుకుపోయారట. రిపోర్టులో సున్నం గురించి రాసింది చదవమన్నాడు. ఏటా రెండుసార్లు వేసేవారు అని చదివాను. మా నాన్న పేరుందా అన్నాడు.
లేదు. ఉన్నట్టే చదివాను.