పిల్లి పట్టిన పెనాల్టీ

అన్నయ్యకు,

నీ క్షేమం అడిగే ఓపిక ఇవాళ నాకు లేదు. క్లబ్బు వార్షికోత్సవం నుంచి ఇంటికొచ్చి, పొయ్యి కూడా వెలిగించకుండా ఇది రాస్తున్నాను.

అధ్యక్షుడివి కదా, మైకు పట్టుకుని క్లబ్బు చరిత్ర చెప్పావు. ముళ్లకంపలు నరికి మైదానం చేసుకోవడం, కర్రలు పాతి గోల్ నిలబెట్టడం, అన్నీ నిజమే. తర్వాత మొదటి కప్పు దగ్గరికొచ్చావు. "ఆఖరి నిమిషంలో పెనాల్టీ! మా గోల్‌కీపర్‌ని పిల్లి అనేవాళ్లం. వాడు ఎగిరి బంతిని ఒడిసిపట్టాడు. తర్వాత ఊరొదిలి వెళ్లిపోయాడు, ఎక్కడున్నాడో ఏమో" అన్నావు. జనం చప్పట్లు కొట్టారు. నా కూతురు నా చెవిలో, "అమ్మా, పిల్లి నువ్వే కదా? మామయ్య వాడు అంటాడేంటి?" అంది.

ఊరొదిలి వెళ్లింది ఎవరన్నయ్యా? నీ ఇంటి వెనక వీధిలోనే కుట్టుమిషను తొక్కుకుంటూ బతుకుతున్నాను.

మీ గోల్‌కీపర్ మణికట్టు విరిగితే పెరట్లో నీ బంతులన్నీ ఆపే నన్ను కాళ్లావేళ్లా పడి బతిమాలింది నువ్వు. పేలు పట్టాయని అమ్మ కత్తిరించిన నా జుట్టు చూసి, "ఎవరూ కనిపెట్టలేరే" అన్నది నువ్వు. అది మగపిల్లల టోర్నమెంటు. గెలిచాక, "ఇక మైదానం వైపు రాకు, ఎవరైనా గుర్తుపడితే కప్పు లాక్కుంటారు" అన్నదీ నువ్వే. మానేశాను. సాయంత్రాలు బంతి చప్పుడు వినిపిస్తే కిటికీ మూసుకునేదాన్ని. నీకు కప్పు దక్కింది, నాకు ఆట పోయింది.

అదంతా దిగమింగాను. కానీ మొన్న నీ మేనకోడల్ని క్లబ్బులో చేర్పించడానికి తీసుకొస్తే మీ కార్యదర్శి ఏమన్నాడు? "ఈ క్లబ్బు చరిత్రలో ఆడపిల్ల ఆడింది లేదమ్మా" అన్నాడు. నువ్వు పక్కనే బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నావు.

ఇందాక సభలో పిడి ఊడిందని, అతికించమని కప్పును మా ఇంటికే, మీ బావ దగ్గరికి పంపావుగా. నేనిది రాస్తుండగానే అతికించారు. రేపు దాన్ని ఆ రోజు ఓడిన క్లబ్బుకు తీసుకెళ్లి, నిజం చెప్పి మరీ ఇచ్చేస్తాను. ఆపగలిగితే ఆపు.

నీ చెల్లెలు.

*

అన్నయ్యా,

నువ్వు రాలేదు. "పరువు తియ్యొద్దని చెప్పు" అని వదినతో కబురు పంపావంతే. నేను వెళ్లాను.

అప్పటి వాళ్ల కెప్టెన్, ఆ పెనాల్టీ కొట్టినాయన, ఇప్పుడు స్కూటర్లు బాగుచేసే షాపు నడుపుతూ, వాళ్ల క్లబ్బునీ చూసుకుంటున్నాడు. కప్పు ఆయన ముందు పెట్టి, "ఆ రోజు గోల్‌లో ఉన్నది నేను. రూలు ప్రకారం ఇది మీది" అన్నాను.

ఆయన చేతులకంటిన నూనెను గుడ్డతో తుడుచుకుంటూ, "తెలుసమ్మా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నువ్వేనని. మా చెల్లెలు నీ క్లాసేగా. ఆట చూడ్డానికొచ్చి అప్పుడే చెప్పేసింది."

"మరి ఫిర్యాదు చెయ్యలేదేం?"

"ఆడపిల్ల చేతిలో ఓడామని మేమే దండోరా వేసుకోవాలా? అందరం ఒట్టేసుకుని నోరు మూసుకున్నాం."

ముందు పగలబడి నవ్వాను. మరుక్షణం అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్లూ నువ్వు భయపడి దాచింది వాళ్లు సిగ్గుపడి దాచారు! అటు వాళ్ల పరువు, ఇటు నీ కప్పు. మధ్యలో నా ఆట ఎవరికీ పట్టలేదు. ఆ మాటే ఆయన మొహం మీద అనేశాను. ఆయన తల దించుకున్నాడు. కప్పును నా వైపు జరిపి, "కప్పు మాకొద్దు. ఆ బంతి పట్టింది నువ్వు. మా ఆడపిల్లల జట్టుకి గోల్ కాయడం నేర్పేవాళ్లు లేరు. కోపం లేకపోతే రామ్మా" అన్నాడు.

"కోపం ఉంది. అయినా వస్తాను" అన్నాను.

వాళ్లకు ఆడపిల్లల జట్టుందన్నయ్యా! నీ మేనకోడలు అందులో చేరిపోయింది. కప్పు మా ఇంట్లోనే ఉంది. అందరి ముందూ నిజం చెప్పిన రోజు వచ్చి తీసుకెళ్లు, అంతవరకూ ఇవ్వను.

ఈ సాయంత్రం పిల్లలకు దూకడం చూపించబోయి మట్టిలో బోర్లా పడ్డాను. మోకాళ్లు చెక్కుకుపోయాయి. మీ బావ మందు రాస్తూ, "ఈ వయసులో నీకిదేం పిచ్చి?" అని తిడుతున్నారు. నాకు మాత్రం రేపటి సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఉంది.

చెల్లాయి.