టీవీ మూలన కొత్త గుర్తు

పాలకుర్తి, మంగళవారం రాత్రి

తెలంగాణ కోసం హైదరాబాద్‌లో ఊరేగింపుకు పోయిన మనవరాలు స్వప్న పొద్దటి నుంచి ఫోన్ ఎత్తలేదు. పోలీసులు పిల్లలను కొట్టారని విన్నాక అన్నం సయించలేదు.

వార్తలు చూద్దామంటే నా చానల్ దొరకలేదు. అక్షరాలు కూడబలుక్కునేంతే వచ్చు నాకు, ఇదీ చెప్పి రాయిస్తున్నదే. అందుకే టీవీ మూలన ఉండే గుర్తుతోనే చానల్‌ను పట్టుకుంటాను. మొదట్లో అది తెల్ల చుక్క, తర్వాత ఎర్ర చక్రం. ఇవాళ ఆ చక్రం ఎక్కడా లేదు. మన వార్తలు చూపిస్తున్నారని మూయించారేమో అనుకున్నాను.

పక్కింటి రహీంబీని పిలిచాను.

"పరేషాన్ గాకు అవ్వా, గిదే నీ చానల్. గుర్తు మార్చిండ్రు, గంతే" అంది.

కొత్తది నీలం గుర్తు, చేటంత ఉంది. ఊరేగింపు చూపిస్తుంటే ఒక పిల్ల సరిగ్గా దాని వెనక్కే వచ్చింది. మొహం కనబడలేదు.

"గా గుర్తును జర పక్కకు జరుగుమనవే!" అన్నాను.

రహీంబీ నవ్వింది. "మొగం ఇడిసిపెట్టు, నడుము సూడవ్వా!"

చున్నీ నడుముకు బిగించి, ఎడమ పక్కన రెండు ముళ్లు వేసి ఉంది. వరి నాటు వేసేటప్పుడు అట్లా కట్టుకోవాలని నేర్పింది నేనే. నా స్వప్నే! తన కాళ్ల మీద తాను నడుస్తోంది.

ఆ బొమ్మ పోలీసులు కొట్టక ముందు తీసిందో, తర్వాత తీసిందో రహీంబీకీ తెలియలేదు. ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, టీవీ ఆపలేదు. కొట్టాక తీసింది చూపిస్తే, ఆ ముడి ఊడలేదు కదా అని చూడాలి.